వేసవి పొద్దుటి సైకిలు

వేసవి అనగానే మన ఆడవాళ్ళకి గుర్తొచ్చేవి అందరికీ తెలిసినవే. ఆవకాయ, మాగాయ, వడియాలు, సెలవులకొచ్చే ఆడపడుచు పిల్లలు, కరెంటు పోతే విసనకర్ర, సాయంత్రానికి మల్లెమొగ్గల మాల. ఇందులో సైకిలు ఎక్కడా కనిపించదు. పిల్లలకైతే ఉంటుంది. సెలవులిచ్చిన మర్నాడే "సైకిల్ కొనవా?" అని మొదలుపెడతారు. వాళ్ళ నాన్నలకీ ఉంటుంది. పొట్ట పెరిగిందని డాక్టరు అనగానే పదిహేను వేలు పోసి గేర్ల సైకిలు, దానికి తగ్గ టోపీ, చేతి తొడుగులు కొనుక్కొస్తారు. (రెండు నెలల తర్వాత ఆ సైకిలు మీద తువ్వాళ్ళు ఆరేస్తాం. అది వేరే సంగతి.) అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి "జాగ్రత్త!" అంటూ ఉంటుంది.

మూడు వేసవులుగా నేనూ తొక్కుతున్నాను. ఎక్కడికో చేరాలని కాదు, బరువు తగ్గాలనీ కాదు. ఊరికే, సరదాకి. ఈ 'ఊరికే' అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత ఖరీదైందో నాకు సైకిలెక్కాకే తెలిసింది.

"ఎక్కడికమ్మా?" అని అడుగుతారు ఎదురింటివాళ్ళు. గుడికంటే సరే. కూరలకంటే సరే. పిల్లల ట్యూషనంటే మరీ సరే. "ఎక్కడికీ లేదండీ, అలా తిరిగొస్తాను" అంటే మాత్రం వాళ్ళ మొహంలో ఏదో ప్రశ్న మిగిలిపోతుంది. మొదటి వారంలో మా వీధిలో ఇద్దరు మావారిని పక్కకి పిలిచి "మేడంగారి స్కూటీ పాడైందా అండీ?" అని అడిగారట! ఉన్న బండి ఇంట్లో పెట్టి ఆడమనిషి సైకిలు తొక్కుతుందని ఎవరికి తోస్తుంది? మా అత్తయ్యగారు ఏమీ అనలేదు. కాకపోతే సరిగ్గా నేను బయల్దేరే వేళకి కాఫీ అడిగేవారు. కలిపి ఇచ్చి వెళ్ళేదాన్ని. పది రోజులు చూసి ఫ్లాస్కు కొన్నాను.

మాది రాజమహేంద్రవరం. 2015లో పేరు మారింది గానీ మా ఇంట్లో ఇంకా రాజమండ్రే. మే నెలలో ఇక్కడ అయిదున్నరకల్లా సూర్యుడొచ్చేస్తాడు. ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది. తొమ్మిదికి రోడ్డు పెనమైపోతుంది. అంటే వేసవిలో సైకిలుకి మనకుండే వేళ గట్టిగా రెండు గంటలు. అయిదింటికి బయల్దేరితే వీధి లైట్లింకా వెలుగుతుంటాయి. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, పువ్వుల బుట్టలవాళ్ళు... ఆ వేళప్పుడు రోడ్డు సైకిళ్ళదే. పుష్కరాల రేవు దగ్గర గట్టెక్కానంటే చాలు, గోదావరి మీంచి గాలి వస్తుంది. చెప్పొద్దూ, రాత్రంతా వేడిగాలినే తిరగేసి కొట్టే ఫ్యాను కింద దొర్లినవాళ్ళకే ఆ గాలి విలువ తెలుస్తుంది.

వేసవి గోదావరి వానాకాలం గోదావరిలా భయపెట్టదు. నీళ్ళు తగ్గి లంకలు పెద్దవైనట్టు కనిపిస్తాయి. 1900లో మొదలైన పాత హేవలాక్ వంతెన, 1997లో రైళ్ళు మానేశాక అలా నిలబడే ఉంది. అది కూడా నాలాగే, ఊరికే. గట్టు వెంట కిందికి పోతే ఆరేడు కిలోమీటర్లలో ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించిన చోటు. ఏప్రిల్ ఆఖరుకో, మే మొదట్లోనో డెల్టా కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు చూడాలి. నిండుగా పారే కాలువ అడుగున గట్టి పడిన మట్టి, అందులో పిల్లలు గీసుకున్న క్రికెట్ పిచ్చి! ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం చేస్తూ ఆ దారిన స్కూటీ మీద ఎన్నిసార్లో వెళ్ళుంటాను. కాలువ అడుగు ఎప్పుడూ చూడలేదు. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు చూసేది ముందు బండి వెనక లైటునే కదా.

కిందటేడు ఒకరోజు ధైర్యం చేసి ధవళేశ్వరం దాటి కడియపులంక నర్సరీల దాకా వెళ్ళాను. వెళ్ళిరావడం పాతిక కిలోమీటర్ల దాకా అవుతుంది. తెల్లవారుతుంటే నర్సరీ పనికి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురైదుగురు సైకిళ్ళమీద నాతో కలిశారు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, పైన మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని, హ్యాండిలుకి అన్నం క్యారేజీ తగిలించుకుని. వాళ్ళలో ఒకావిడ నా పక్కకొచ్చి,

"ఏ తోటలో పనండీ?" అంది.

"పని కాదమ్మా, ఊరికే వచ్చాను."

"ఊరికేనా? రాజమండ్రి నుంచాండీ?" అని నవ్వి, వెనకవాళ్ళకి చెప్పింది. వాళ్ళూ నవ్వారు. తర్వాత ఆవిడ కాస్త ఆలోచించి, "ఆయ్, బానే ఉందండి. మాకూ ఆదివారం సెలవిస్తే ఊరికే తొక్కుతాం" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆవిడా నేనూ తొక్కేది ఒకే రోడ్డు మీద. ఆవిడకది ఆటో చార్జీ మిగిల్చే సాధనం, నాకు సరదా. ఆవిణ్ణి "ఎక్కడికి?" అని అడిగేవాళ్ళు లేరు, నన్ను అడుగుతారు. కూలికెళ్ళే ఆడమనిషి సైకిలు తొక్కితే ఎవరికీ వింత లేదు. ఇంట్లో ఉండే ఆడమనిషి తొక్కితేనే వింత. పరువు అనే మాట సైకిలుకి కాదు, 'ఊరికే'కి అడ్డొస్తుందేమో అనిపించింది.

సీటు దించేశారు

నేను పుట్టి పెరిగింది భీమవరంలో. మెరక పల్లాలు లేని ఊరు, సైకిలుకి స్వర్గం. మా పిన్ని కాలేజీకి సైకిలు మీదే వెళ్ళేది. మా చిన్నప్పుడు కూడా పొద్దున్న తొమ్మిదింటికి ఆడపిల్లల సైకిళ్ళు రోడ్డంతా ఆక్రమించేవి. రెండు జడలు, ముందు బుట్టలో క్యారేజీ, వెనక క్యారియర్‌కి పుస్తకాల సంచి. ముగ్గురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోతుంటే వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోవాల్సిందే. లేడీబర్డ్ సైకిలున్న పిల్లంటే క్లాసులో మహారాణి.

వేసవి సెలవుల్లో అద్దె సైకిళ్ళ షాపు ముందు పొద్దున్నే లైను. గంటకి రెండు రూపాయలు. చిన్న సైకిలు ఒక్కటే ఉండేది, దానికోసం యుద్ధాలు. అది దొరక్కపోతే ఇంట్లో నాన్నగారి పెద్ద సైకిలు తీసి, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి తొక్కేవాళ్ళం. ఆ మోకాలి మచ్చలు నాకిప్పటికీ ఉన్నాయి. మీలో చాలామందికీ ఉండి ఉంటాయి.

2000 వేసవిలో నేను పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు స్నానం, పేరంటం అన్నీ అయ్యాక పెరట్లోకి వెళ్ళి చూస్తే నా సైకిలు సీటు బాగా కిందికి దించి ఉంది. తమ్ముడి కోసం. ఎవరూ తిట్టలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు. సీటు దించారంతే. తర్వాత నేను బస్సెక్కాను, ఆటో ఎక్కాను, పెళ్ళయ్యాక మావారి బండి వెనక ఎక్కాను, ఆపైన స్కూటీ నేర్చుకున్నాను. సైకిలు మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. దాని సైకిలు వరండాలో గాలి లేకుండా పడుంది. వచ్చేసరికి బాగుచేయించి ఉంచుదామని షాపుకి నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు నడిపించుకుంటూ రాలేదు. అంతే జరిగింది.

సైకిలు ఒకసారి వస్తే మరి మరిచిపోరంటారు. నిజమే. కాకపోతే ఒళ్ళు మరిచిపోకపోయినా భయం మాత్రం కొత్తగా వచ్చి చేరుతుంది. పదేళ్ళప్పుడు పడితే మోకాలు గీరుకుపోతుందని తెలుసు. ముప్ఫై అయిదేళ్ళప్పుడు పడితే చెయ్యి విరుగుతుంది, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అన్నదాకా ఆలోచన పోతుంది. మొదటి నాలుగు రోజులు మలుపు దగ్గర దిగి నడిపించుకుపోయేదాన్ని.

ఎండా, చున్నీ, కుక్కలూ

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నాకు తెలిసినవి నాలుగు మాటలు చెప్తాను. మనం చేసే మొదటి పని సీటు బాగా దించుకోవడం. రెండు కాళ్ళూ నేలకానితే ధైర్యంగా ఉంటుందని. ఆ ధైర్యానికి మోకాళ్ళు మూల్యం చెల్లిస్తాయి. పిల్లల మూడుచక్రాల బండి పెద్దవాళ్ళు తొక్కినట్టు మోకాళ్ళు పైకి పొడుచుకొస్తాయి, నాలుగు రోజుల్లో నొప్పులు. "ఈ వయసులో సైకిలేమిటి, చూడు మోకాళ్ళు పోయాయి" అని సైకిలు మానేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. తప్పు వయసుది కాదు, సీటుది. లెక్క చాలా సులువు. సీటు మీద కూచుని, పెడలు బాగా కిందికొచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. అప్పుడు తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కనక మోకాలు కొంచెం మాత్రం వంగుతుంది. ఆగినప్పుడు వేళ్ళ చివర్లు నేలకి తగిలితే చాలు. ఒకేసారి అంత ఎత్తు పెట్టుకోలేకపోతే వారానికి వేలెడు చొప్పున పెంచుకోండి.

అసలు రానివాళ్ళ సంగతో? వెనకనుంచి భర్తగారో తమ్ముడో సీటు పట్టుకుని పరిగెత్తుతూ అరుస్తూ నేర్పే పద్ధతి నాకు నచ్చదు. సగం పాఠం తిట్లతోనే అయిపోతుంది. మా పక్కవీధిలో నలభై రెండేళ్ళావిడకి నేను వేరే పద్ధతిలో నేర్పాను. సైకిలు షాపులో పెడళ్ళు రెండూ విప్పించేశాం. సీటు రెండు పాదాలూ నేలకానేలా దించాం (ఇక్కడ మాత్రం దించాలి). కాళ్ళతో నేలని తన్నుకుంటూ, పిల్లలు బల్లమీద జారినట్టు ముందుకి పోవడమే. కాసేపటికి కాళ్ళు పైకెత్తి రెండు మూడు బారలు అలా పోగలుగుతాం. బ్యాలెన్సు అంటే అదే. అది వచ్చాక పెడళ్ళు బిగించుకోవచ్చు. చూపు ముందు చక్రం మీద పెడితే పడతాం, దూరంగా పెడితే పోతాం. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకూడదు. ఆవిడ ఆరు రోజుల్లో తొక్కేసింది. ఏడో రోజు ఫోటో తీయించుకుని పుట్టింటికి పంపింది.

బట్టల సంగతి. చీరతో తొక్కలేమా అంటే, కడియం ఆడవాళ్ళు తొక్కడం లేదూ? లేడీస్ సైకిలుకి కడ్డీ వంచి ఉంటుంది, చైను మీద రేకు ఉంటుంది, వెనక చక్రానికి వల ఉంటుంది. అవన్నీ చీర కోసమే. ఇప్పుడొచ్చే సోకు సైకిళ్ళకి ఇవేవీ ఉండవు. కొనేటప్పుడు అడిగి చూసుకోండి. పంజాబీ డ్రెస్సు అయితే చున్నీ ఇంట్లో వదిలేయడమే మేలు. వదల్లేకపోతే అడ్డంగా వేసుకుని నడుం దగ్గర ముడి వేయాలి, వెనక్కి వదలకూడదు. చక్రంలో చున్నీ చుట్టుకుంటే అది మెడకే ఉచ్చవుతుంది. ఇది నవ్వులాట కాదు.

ఇక ఎండ. మనవైపు వేసవిలో సైకిలు తొక్కడమంటే ఎండతో ఒప్పందం చేసుకోవడమే. తెల్లారుజామున, లేదా పొద్దు వాలాక. మధ్యలో లేదు. బయల్దేరేముందు గ్లాసుడు నీళ్ళు, వెంట సీసాడు, తిరిగొచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తల దిమ్మెక్కినట్టున్నా, వాంతి వచ్చేలా ఉన్నా "ఇంకో కిలోమీటరేగా" అనుకోకుండా దిగిపోవాలి. నీడన కూచుని తడిగుడ్డ తలమీదా మెడమీదా వేసుకోవాలి. తగ్గకపోయినా, మాట తడబడినా ఆస్పత్రికే. సైకిలుకీ ఎండ పడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే లోపలి గాలి వేడెక్కి ఉబ్బి, పాత టైరైతే ఢామ్మంటుంది. జూన్ 3ని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ తేదీ పెట్టినవాళ్ళకి మన రోహిణీ కార్తె సంగతి తెలిసుండదు పాపం! అన్నట్టు, 2020లో సరిగ్గా ఆ రోజే అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. మా నాన్నగారి పెద్ద సైకిలు అట్లాసే.

కుక్కల గురించి చెప్పకపోతే అన్యాయం. అయిదింటికి లేచేది మనమూ, కుక్కలే. వెంటపడితే జోరుగా తొక్కాలనిపిస్తుంది. తొక్కితే అవి ఇంకా జోరుగా వస్తాయి. దిగి, సైకిలు మనకీ కుక్కకీ మధ్య అడ్డం పెట్టుకుని, గాబరా పడకుండా నడిస్తే చాలావరకు వాటికి విసుగొచ్చి పోతాయి. మా వీధి చివర నల్లకుక్క మొదటి వేసవంతా నన్ను తరిమింది. రెండో వేసవికి తోకాడించింది. ఇప్పుడు నేను రెండ్రోజులు కనిపించకపోతే మా గేటు దగ్గరికొచ్చి చూసి పోతుంది.

పంక్చరు పడితే? నేను ఈ పని నేర్చుకున్నాను గానీ చేయను. నేర్చుకున్నది ఎందుకంటే షాపులో మోసపోకుండా. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచితే ఎక్కడ బుడగలొస్తాయో మనం కూడా చూడాలి. ఒకచోట చిల్లు పడితే మూడు ప్యాచీలు వేసే మహానుభావులున్నారు.

పుదుక్కోట్టై ఆడవాళ్ళు

సైకిలుకీ ఆడవాళ్ళకీ ఉన్న సంబంధం గురించి చదువుతుంటే పొరుగు రాష్ట్రం కథ ఒకటి దొరికింది. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం సారా వ్యతిరేక పోరాటానికి దారి తీసింది గుర్తుందా? సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 'అరివొళి ఇయక్కం' అనే అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్ళకి చదువుతోపాటు సైకిలు కూడా నేర్పింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దీనికి వెన్నుదన్నుగా నిలిచారు. పొలం కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, పల్లె నర్సులు, వేలాదిగా సైకిలెక్కారు. వెక్కిరింపులకీ లోటు లేదు. జర్నలిస్టు పి. సాయినాథ్ ఈ సంగతంతా 1996లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళు కొన్నారట. కొందరైతే అవే నయమన్నారట, ముందు కడ్డీ మీద పిల్లని కూచోబెట్టుకోవచ్చని! ఈ ఆలోచన ఆడదానికి తప్ప రాదు.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు కొనుక్కోమని ప్రభుత్వం డబ్బిచ్చింది. హైస్కూలు దూరమని చదువు మానేసే పిల్లలు ఎంతోమంది బళ్ళో నిలిచారు. మన పట్టణాల్లో జరిగింది దీనికి తిరగమూత. స్కూలు బస్సులూ, ఆటోలూ, స్కూటీలూ వచ్చాక ఆడపిల్లల సైకిళ్ళు రోడ్లమీంచి మాయమైపోయాయి. రోడ్లూ సైకిలుని మరిచిపోయాయి. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో పైన సోలారు పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. మా మరిది పిల్లలు అక్కడ తొక్కారు, చాలా బాగుందన్నారు. కానీ దానిమీద తొక్కాలంటే ముందు అక్కడిదాకా కారులో వెళ్ళాలి. మా వీధి నుంచి కూరల బజారు దాకా, బడి దాకా భయం లేకుండా తొక్కే నాలుగడుగుల వెడల్పు చోటు ఇస్తే ఆడవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

మా అమ్మాయి మాట

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కిందటేడు మార్చిలో మా అమ్మాయి పెద్దమనిషయింది. ఊరినుంచి బంధువులొచ్చారు. అరిసెలు, పట్టు పరికిణీ, అన్నీ అయ్యాయి. వెళ్ళబోతూ మా పెద్దత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "ఇక సైకిలు మాన్పించవే. ఆడపిల్ల ఒళ్ళు. రేపు పెళ్ళయ్యాక మాటొస్తే?" అంది.

ఈ మాట మన ఇళ్ళల్లో గొంతు తగ్గించే అంటారు కనక, నేను గొంతు తగ్గించకుండానే రాస్తున్నాను. సైకిలు తొక్కితే గర్భసంచికి ఏమీ కాదు. నెలసరి రోజుల్లో ఓపికుంటే తొక్కొచ్చు, లేకపోతే మానొచ్చు. ఇక పెద్దత్తయ్య భయపడే ఆ పలచని పొర ఉందే, అది పరుగెత్తినా, తాడాట ఆడినా, ఏమీ చేయకపోయినా కూడా సాగుతుంది, చిరుగుతుంది. కొందరికి పుట్టుకతోనే ఉండదు. దాన్ని చూసి ఆడపిల్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేరని, కన్యాత్వ పరీక్షలకి శాస్త్రం ఆధారమే లేదని, వాటిని మాన్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి 2018లో స్పష్టంగా చెప్పాయి. పెద్దత్తయ్యకి ఇంత చెప్పలేదు. "కడియంలో రోజూ వందలమంది తొక్కుతున్నారత్తయ్యా, వాళ్ళందరికీ పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలున్నారు" అన్నాను. ఆవిడ నమ్మలేదనుకోండి. కానీ మా అత్తయ్యగారు పక్కనుంచి, "మా రోజుల్లో తిరగలి విసిరేవాళ్ళం, అప్పుడెవరూ ఒళ్ళు సంగతి అడగలేదు" అన్నారు. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ అరిసెలు సర్దుతున్నారు.

అది గడిచిందనుకుంటే ఏప్రిల్లో ఇంకోటి. సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తుంటే బైకు మీద ఇద్దరు కుర్రాళ్ళు పక్కనే వస్తూ, బెల్లు కొట్టమని, ఇంకేదో అని, మా వీధి మొదలుదాకా వచ్చారట. పిల్ల ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా అన్నం తింది. రాత్రి పడుకునేముందు చెప్పింది. మావారు మంచివారే. అయినా ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట, "రేపట్నుంచి నేను దింపుతాను, సైకిలు వద్దు" అన్నది. పిల్ల నావైపు చూసింది. నాకు మా పెరట్లో దించిన సీటు కళ్ళముందుకొచ్చింది.

"తప్పు వాళ్ళదైతే సైకిలు మనమెందుకు ఆపాలి?" అన్నాను. "ఏదైనా జరిగితే?" అన్నారాయన. ఆ భయం అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. ఆడపిల్లల తల్లిదండ్రులందరికీ ఉండేదే. అందుకే ఊరికే వాదించి లాభం లేదని మర్నాటినుంచి నేను నా సైకిలు మీద దాని వెంట వెళ్ళాను. ట్యూషన్ సందు చివర ఇస్త్రీ బండి ఆవిడకి, సోడా బండి ఆయనకి సంగతి చెప్పి పెట్టాను. బైకు నంబరు ఎలా చూసి గుర్తుంచుకోవాలో, 112కి ఎలా చేయాలో పిల్లకి చెప్పాను. అది ట్యూషన్లో ఇద్దరు పిల్లలకి చెబితే వాళ్ళ అమ్మలు ముందు భయపడి, తర్వాత వాళ్ళ పిల్లల సైకిళ్ళూ దుమ్ము దులిపించారు. ఆ బైకు తర్వాత ఒకసారి కనిపించింది. నాలుగు సైకిళ్ళనీ, ఇస్త్రీ బండి ఆవిడ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాన్నీ చూసి తిరిగిపోయింది. పది రోజులయ్యాక నేను వెంట వెళ్ళడం మానేశాను. మావారు ఇప్పటికీ అది రావలసిన వేళకి గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తుంటారు. మా మొక్కలకి ఎప్పుడూ ఇన్ని నీళ్ళు లేవు.

ఈ ఏడు దానికి పదో తరగతి. మేలోనే క్లాసులు మొదలుపెట్టేశారు. తెల్లారుజామున అయిదింటికే చదువు. ఈ ఊళ్ళో పదో తరగతి పిల్లకి పొద్దుటి గాలి కూడా మార్కుల లెక్కలోనే వస్తుంది. బేరం ఆడగా ఆడగా ఆదివారం ఒక్కరోజు దక్కింది. మొన్న ఆదివారం ఇద్దరం ధవళేశ్వరం దాకా వెళ్ళాం. దారిలో ముంజలు కొట్టించుకు తిన్నాం. చొక్కాలు తడిపేసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు అది నన్ను దాటి ముందుకెళ్ళిపోయి, మలుపులో ఆగి, "అమ్మా, నువ్వు చాలా స్లో" అంది.

ఇంటికొచ్చాక తన మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయంది. ఏడాదిలో బాగా పొడుగైంది మరి. సాయంత్రం షాపుకి తీసుకెళ్ళి సీటు రెండు వేళ్ళు పైకెత్తించాను.